ప్యూర్టో రికోలో డీప్ సీ ఫిషింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉండే తెలుగువాళ్లు థాంక్స్‌గివింగ్‌కో, క్రిస్మస్ సెలవులకో కరీబియన్ వెళ్దామనుకుంటే చాలాసార్లు ప్యూర్టో రికో దగ్గర ఆగుతారు. ఓల్డ్ శాన్ హువాన్ కోటలు, ఎల్ యుంకే అడవి, బీచ్‌లు చూడటం అయ్యాక గ్రూపులో ఎవరో ఒకరు "ఒక పూట బోటెక్కి చేపలు పడదామా?" అంటారు. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలకు జవాబులివి. ఇందులో చేపల గురించి ఎంత ఉందో, గాలి గురించీ కడుపులో తిప్పడం గురించీ అంతే ఉంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు ట్రిప్ ఎలా సాగిందన్నది ఎక్కువగా వాటి చేతిలోనే ఉంటుంది మరి.

హెచ్1బి మీద ఉన్నాం, పాస్‌పోర్టులో వీసా గడువు అయిపోయింది. వెళ్లి రావచ్చా?

వెళ్లి రావచ్చు. ప్యూర్టో రికో అమెరికా భూభాగం, నేరుగా వెళ్లే ఫ్లైటు డొమెస్టిక్ ఫ్లైటే. స్టాంపింగ్ అక్కర్లేదు, మీ స్టేటస్ సరిగ్గా ఉంటే చాలు. విమానం ఎక్కడానికి 2025 మే 7 నుంచి రియల్ ఐడీ లైసెన్సు గానీ పాస్‌పోర్టు గానీ కావాలి. ఎలాగూ పాస్‌పోర్టు పెట్టుకోండి, దాంతోపాటు ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పటి రికార్డు), ఐ-797 (హెచ్1బి ఆమోద పత్రం) కాపీలు కూడా. ఎయిర్‌పోర్టులో ఎవరైనా అధికారి అడిగితే వెతుక్కోకుండా చూపించొచ్చు. ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలను కూడా తీసుకెళ్లొచ్చు.

పక్కనే ఉన్న సెయింట్ థామస్ కూడా అమెరికాదే, మార్లిన్ అనే, బల్లెం లాంటి ముక్కున్న పెద్ద చేప వేటకు ప్రపంచమంతా పేరున్న చోటు. కాకపోతే అక్కడి నుంచి మెయిన్‌ల్యాండ్‌కి తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్, ఇమిగ్రేషన్ తనిఖీ ఉంటుంది. ఆ టెన్షన్ వద్దనుకుంటే శాన్ హువాన్ మేలు.

అసలు ఇక్కడ చేపల వేట ఎందుకు బాగుంటుంది?

లోతు ఒడ్డుకు దగ్గరగా ఉండటం వల్ల. చాలా ఊళ్లలో లోతు నీళ్లు చేరడానికే గంటన్నర, రెండు గంటలు బోటులో పోవాలి, రావడానికి మళ్లీ అంతే. శాన్ హువాన్ తీరం నుంచి రెండు మూడు మైళ్లు దాటేసరికే సముద్రం అడుగు నిటారుగా దిగిపోతుంది. ఇంకా ఉత్తరంగా పోతే 8 వేల మీటర్లకు పైగా లోతున్న ప్యూర్టో రికో ట్రెంచ్ వస్తుంది. అట్లాంటిక్ మొత్తంలో అన్నిటికన్నా లోతైన చోటు అదే. మార్లిన్, ట్యూనా, వాహూ లాంటి పెద్ద చేపలు లోతు మొదలయ్యే ఆ అంచు వెంబడి మేత కోసం తిరుగుతాయి. అందుకే ఎల్ మొర్రో కోట ఇంకా కనిపిస్తుండగానే ఇక్కడ గాలాలు నీళ్లలో పడతాయి. నాలుగు గంటల ట్రిప్‌లో దాదాపు అంతసేపూ వేటే.

క్లబ్ నౌటికో డి శాన్ హువాన్ 1954 నుంచి ఇక్కడ అంతర్జాతీయ బిల్‌ఫిష్ (మార్లిన్ లాంటి పొడుగు ముక్కు చేపలు) టోర్నమెంటు నడుపుతోంది. ఈ తరహా పోటీల్లో బాగా పాతవాటిలో అదొకటి.

ఏ నెలలో ఏ చేప పడుతుంది?

మనవాళ్ల సెలవులకూ మార్లిన్ సీజన్‌కూ పొత్తు కుదరదు, ముందు ఇది తెలుసుకోవాలి. బ్లూ మార్లిన్ ఏడాది పొడవునా అప్పుడొకటి ఇప్పుడొకటి పడుతుంది గానీ, అసలు సీజన్ జూలై నుంచి సెప్టెంబర్ వరకు, కొన్నిసార్లు అక్టోబర్ దాకా. టోర్నమెంట్లు అప్పుడే పెడతారు. హరికేన్ల సీజన్ కూడా అదే: జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా, ఆగస్టు నుంచి అక్టోబర్ మధ్య ఎక్కువ భయం. మరియా హరికేన్ దీవిని చావుదెబ్బ కొట్టింది 2017 సెప్టెంబర్ 20న.

నవంబర్ నుంచి మార్చి వరకు వచ్చేవాళ్లకు దొరికేవి మాహీ మాహీ (అక్కడ డొరాడో అంటారు), వాహూ, చిన్న సైజు ట్యూనాలు, అదృష్టం ఉంటే సెయిల్‌ఫిష్. నన్నడిగితే తెలుగు కుటుంబాలకు ఇదే మంచి బేరం. మార్లిన్ పడితే ఫొటో మిగులుతుంది, డొరాడో పడితే రాత్రికి కూర ఉంటుంది.

అయితే డిసెంబర్‌లో బుక్ చేసుకోవడమేనా?

చేసుకోండి, కానీ ఆ నెలలో సముద్రం ఎలా ఉంటుందో తెలుసుకుని చేసుకోండి. డిసెంబర్ మధ్య నుంచి జనవరి దాకా తూర్పు నుంచి వీచే వ్యాపార పవనాలు బలపడతాయి. నావికులు వీటిని క్రిస్మస్ గాలులు అంటారు. వాటికి తోడు ఉత్తర అట్లాంటిక్‌లో చలికాలపు తుపాన్లు పుట్టించే పెద్ద అలలు వందల మైళ్లు ప్రయాణించి ఈ దీవి ఉత్తర, వాయవ్య తీరాలకు తగులుతాయి. పడమటి తీరంలోని రింకోన్‌లో సర్ఫింగ్ చేసేవాళ్లు ఎదురుచూసేది ఆ అలల కోసమే. సర్ఫర్‌కు పండగైన రోజు మీ కడుపుకు పండగ కాదు.

శాన్ హువాన్ హార్బరు నుంచి బయటికి వచ్చే చోట, ఎల్ మొర్రో కింద, అలలు కోట గోడలకు తగిలి వెనక్కి మళ్లుతాయి. మామూలు రోజుల్లో కూడా ఆ పది నిమిషాలు బోటు బాగా ఊగుతుంది. అది చూసి "ఇంకా మొదలే కాలేదు, అప్పుడే ఇలాగా!" అని హడలిపోకండి, బయటికి వెళ్లాక కొంత సర్దుకుంటుంది. గాలి బాగా ఎక్కువగా ఉన్న వారమైతే పొద్దున బయల్దేరే ట్రిప్పే తీసుకోండి. మధ్యాహ్నానికి గాలి సాధారణంగా ఇంకా పెరుగుతుంది. ఇంకో దారి, దక్షిణాన లా పార్గేరా వైపు గానీ, తూర్పున ఫహార్డో, ఉమకావ్ వైపు గానీ బోటు చూసుకోవడం. ఉత్తరపు అలలు దక్షిణ తీరానికి అంతగా తగలవు. గాలి మాత్రం అక్కడా ఉంటుంది.

సెలవుల వారానికి ముందుగానే బుక్ చేయాలి. ట్రిప్ మొదటి రోజుకో రెండో రోజుకో పెట్టుకుంటే, వాతావరణం బాగోక వాయిదా పడినా మార్చుకోవడానికి రోజులు మిగులుతాయి. ఇంకో చిన్న విషయం: చలికాలంలో అక్కడి టైము న్యూజెర్సీ కంటే గంట, డాలస్ కంటే రెండు గంటలు ముందుంటుంది. పొద్దున ఏడింటి బోటంటే డాలస్ నుంచి వచ్చినవాళ్ల ఒంటికి అది ఐదు గంటలే.

సీ సిక్‌నెస్ వస్తుందా? ఏం చేయాలి?

బస్సు ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే కడుపులో తిప్పేవాళ్లకు ఇక్కడా వచ్చే అవకాశం చాలా ఎక్కువ. బస్సులో ఎప్పుడూ ఏమీ కానివాళ్లకు కూడా రావచ్చు. ఇక్కడి వేట పద్ధతి ట్రోలింగ్, అంటే వెనక ఎరలు లాగుతూ బోటును ఆపకుండా, మరీ వేగంగానూ కాకుండా, నడక కంటే ఎక్కువ జోరుతో గంటల తరబడి నడపడం. ఆ నెమ్మది ఊపే కడుపును కదిలిస్తుంది.

మందు వాంతులు మొదలయ్యాక వేసుకుంటే పనిచేయదు, ముందే వేసుకోవాలి. అమెరికాలో ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరికేవి మెక్లిజీన్, డ్రామమీన్. బయల్దేరడానికి గంట ముందు ఒకటి వేసుకుంటారు. ముందురోజు రాత్రి కూడా ఒకటి వేసుకోమని చాలామంది కెప్టెన్లు చెబుతారు. స్కోపొలమీన్ ప్యాచ్ చెవి వెనక అతికించుకునేది, మూడు రోజులు పనిచేస్తుంది. దానికి డాక్టరు చీటీ కావాలి. పిల్లలకు అది వాడరు. గ్లాకోమా ఉన్నవాళ్లకు, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లకు కూడా కుదరదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల మందుల డబ్బాలో అవోమిన్ ఉండే ఉంటుంది, అదీ పనికొస్తుంది. కాకపోతే నిద్ర ముంచుకొస్తుంది. బీపీ, షుగరు మందులు వాడేవాళ్లు, పిల్లలకు వేయాలనుకునేవాళ్లు డాక్టర్ను ఒక మాట అడగండి.

ఇక మందు కాని జాగ్రత్తలు. ఖాళీ కడుపుతో వెళ్లొద్దు, పూరీ కూర తిని కూడా వెళ్లొద్దు. బ్రెడ్డు, క్రాకర్లు లాంటి తేలికపాటివి తినండి. ముందురోజు రాత్రి మందు పార్టీ పెట్టుకోవద్దు. ప్యూర్టో రికోలో తాగే వయసు 18, కాలేజీ పిల్లలు తోడుంటే ఈ మాట వాళ్లకూ చెప్పండి. బోటులో పైన గాలి తగిలేచోట, ఊపు తక్కువగా ఉండే వెనక భాగంలో నిలబడి దూరంగా ఆకాశం నీళ్లను కలిసే గీతను చూస్తూ ఉండండి. ఫోను చూడొద్దు. అన్నిటికన్నా పెద్ద తప్పు, ఒంట్లో బాగోలేదని లోపలి క్యాబిన్‌లోకి వెళ్లి పడుకోవడం. అక్కడ డీజిల్ వాసన, మూసిన గోడలు, ఇంకా పెరిగిపోతుంది. వాంతి వస్తే మొహమాటపడకుండా గాలి వెళ్లే వైపుకు వంగండి. మేట్లు (కెప్టెన్‌కు సాయంగా ఉండేవాళ్లు) రోజూ చూసేదే, ఎవరూ నవ్వరు.

ఒకరికి బాగా వచ్చేసిందని బోటు వెనక్కి తిప్పమంటే కెప్టెన్ తిప్పుతాడు, డబ్బు మాత్రం వాపసు రాదు. ఈ విషయం గ్రూపులో ముందే మాట్లాడుకోండి. మా ఆయన కోసం తిరిగొచ్చామనో, ఆవిడ కోసం ఆగిపోయామనో సెలవులంతా దెప్పుకోవడం ఎందుకు?

రెండు కుటుంబాలు, పిల్లలతో కలిపి ఎనిమిది మందిమి. ఒకే బోటు సరిపోతుందా?

చాలా బోట్లలో సరిపోదు. అది కెప్టెన్ మొండితనం కాదు, చట్టం. అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధన ప్రకారం ఇలా అద్దెకు తిప్పే మామూలు చార్టర్ బోట్లు డబ్బు తీసుకుని ఆరుగురిని మించి ఎక్కించుకోకూడదు. వీటిని సిక్స్ ప్యాక్ బోట్లంటారు. చంటిపిల్లా ఒకరే, చూడ్డానికి మాత్రమే వచ్చే అత్తగారూ ఒకరే. "చిన్నపిల్లాడే కదా, ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం" అన్న మాట మార్లిన్లు తిరిగే చోట చెల్లదు. ఆరుగురిని మించి ఎక్కించుకోవాలంటే బోటుకు కోస్ట్ గార్డ్ తనిఖీ సర్టిఫికెట్ ఉండాలి. ఎవరైనా "పర్వాలేదు, ఎనిమిది మంది రండి" అంటే ఆ సర్టిఫికెట్ చూపించమనండి. లేకపోతే ఆ బోటు ఎక్కొద్దు. పట్టుబడితే మీ ట్రిప్ మధ్యలో ఆగిపోతుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కూడా తిరకాసు పెడుతుంది.

ఎనిమిది మంది అయితే రెండు చిన్న బోట్లు తీసుకోవడం, లేదా ఇష్టమున్న నలుగురైదుగురు వెళ్లి మిగతావాళ్లు బీచ్‌లో ఉండటం. రెండోదే నాకు నచ్చుతుంది. ఇష్టం లేనివాళ్లను సముద్రం మీదికి లాక్కెళ్తే ఎవరికీ సుఖం ఉండదు.

ఖర్చు ఎంత?

బోటు మొత్తానికి కలిపి చెబుతారు, మనిషికి ఇంత అని కాదు. నాలుగు గంటలకు వెయ్యి డాలర్లకు కాస్త అటూ ఇటూ, ఎనిమిది గంటలకు దానికి ఒకటిన్నర రెట్లు, ఇంకా పైన కూడా ఉంటుంది. బోటు సైజును బట్టి, సీజన్‌ను బట్టి మారుతుంది. రాడ్లు, రీళ్లు, ఎర, ఐసు, మంచినీళ్లు అందులోనే ఉంటాయి. భోజనం ఉంటుందా లేదా అడగండి. ఒక్కరో ఇద్దరో ఉంటే ఇంకెవరితోనైనా కలిపే షేర్డ్ ట్రిప్పులు ఉంటాయి, కానీ అప్పుడు రాడ్ పట్టుకునే వంతు తక్కువసార్లు వస్తుంది.

దీని మీద టిప్ వేరు. 15 నుంచి 20 శాతం మామూలు, అది ముఖ్యంగా మేట్‌కి. ఎర కట్టేది, చిక్కు తీసేది, చేపను లోపలికి లాగేది, కోసి ఇచ్చేది అతనే. చేప పడలేదని టిప్ కోయడం న్యాయం కాదు, అతను కష్టపడ్డాడా లేదా అన్నది చూడండి.

నాలుగు గంటలా, ఎనిమిది గంటలా?

మొదటిసారైతే నాలుగు. లోతు దగ్గరే కాబట్టి అది తక్కువేం కాదు. ఒంట్లో బాగోకపోతే ఎనిమిది గంటలు నరకం. మార్లిన్ కోసమే పట్టుబట్టి వచ్చినవాళ్లు ఎనిమిది తీసుకోవచ్చు.

ఎప్పుడూ గాలం పట్టుకోలేదు. నేర్చుకోవాలా?

అక్కర్లేదు. మన చెరువు గట్టు మీద వెదురు కర్ర పట్టుకుని కూర్చునే వేటకూ దీనికీ పోలికే లేదు. ఇక్కడ ఎర వేసేది, లాగేది బోటే. రెండు పక్కలా చేతులు చాచినట్టు పొడవాటి కడ్డీలుంటాయి, వాటిని ఔట్‌రిగ్గర్లు అంటారు. వాటి సాయంతో నాలుగైదు లైన్లు ఒకదానికొకటి చిక్కుపడకుండా బోటు వెనక దూరదూరంగా పరుస్తారు. చివర బాలిహూ అనే సన్నటి చేపనో, రంగురంగుల ప్లాస్టిక్ ఎరనో కడతారు. బోటు లాగుతుంటే అవి నురగలో పారిపోతున్న చిన్న చేపల్లా కనిపిస్తాయి.

ఆ తర్వాత ఎదురుచూడటమే. కెప్టెన్ పై నుంచి మూడు చూస్తుంటాడు. పక్షులు, అంటే కత్తెర తోకతో పైన తిరిగే ఫ్రిగేట్ పక్షులు నీళ్ల మీదికి వాలుతున్నాయా అని. నీళ్ల మీద తేలే చెక్కలు, గడ్డి ఏమైనా ఉన్నాయా అని. నీటి రంగు ఎక్కడైనా గీత గీసినట్టు మారిందా అని. 2011 నుంచి కరీబియన్‌లోకి సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు పెద్దఎత్తున కొట్టుకొస్తోంది. దాని నీడలో చిన్న చేపలు చేరతాయి, వాటి కోసం డొరాడోలు వస్తాయి. అదే నాచు మరీ ఎక్కువైతే రెండు నిమిషాలకోసారి గాలాలకు చుట్టుకుని మేట్ ప్రాణం తీస్తుంది.

రీల్ ఒక్కసారిగా కీచుమని అరిచిందంటే చేప పడినట్టే. మేట్ రాడ్ తీసి వంతు ఉన్నవాళ్లకు ఇస్తాడు. ఎవరి తర్వాత ఎవరు అన్నది రేవులోనే తేల్చుకోండి. చేప పడ్డాక "నేనంటే నేను" అనుకుంటే అది కాస్తా పోతుంది. చేప పరిగెడుతుంటే తిప్పకండి, పోనివ్వండి. ఆగినప్పుడు రాడ్ మెల్లగా పైకెత్తి, కిందికి దించుతూ రీల్ తిప్పాలి. లైన్ ఎప్పుడూ బిగువుగానే ఉండాలి, వదులైతే గాలం ఊడిపోతుంది. రీల్ పక్కన ఉండే, లైన్ బిగువును సర్దే లివర్ డ్రాగ్‌ను మాత్రం మేట్ చెప్పకుండా ముట్టుకోవద్దు. లైన్‌ను చేత్తో అస్సలు పట్టుకోవద్దు, వేళ్లు తెగుతాయి.

మార్లిన్ పడితే ఎంతసేపు పోరాడాలి?

ఇక్కడ మామూలుగా పడేవి 100 నుంచి 300 పౌన్ల వరకు. అరగంటలో అయిపోవచ్చు, గంట దాటొచ్చు. మీరు ఫైటింగ్ చెయిర్‌లో కూర్చుంటారు, కెప్టెన్ బోటును వెనక్కి నడుపుతూ చేపకు దగ్గర చేస్తాడు. సగం పని ఆయనదే. నీళ్లలోంచి పైకెగిరి తల విదిల్చినప్పుడు చూడాలి దాన్ని. విశాఖ జాలర్లకు ఈ జాతి చేప కొత్త కాదు, కొమ్ము కోనాం అంటారు. దాని ముక్కు ఎంత ప్రమాదమో వాళ్లకు బాగా తెలుసు. అది బోటు దగ్గరికి వచ్చాక మీరు పక్కకు తప్పుకోండి, మిగతాది మేట్ చూసుకుంటాడు.

బాగా పెద్దవన్నీ ఆడ చేపలే. మగవి 300 పౌన్లు దాటడం అరుదు. అట్లాంటిక్ బ్లూ మార్లిన్ రికార్డు 1992లో బ్రెజిల్‌లోని విటోరియా దగ్గర పడిన 1,402 పౌన్ల చేప.

దాన్ని ఇంటికి తెచ్చుకోవచ్చా? కనీసం పైకెత్తి ఫొటో?

రెండూ వద్దు. అమెరికా జలాల్లో బ్లూ మార్లిన్‌ను ఉంచుకోవాలంటే కింది దవడ కొస నుంచి తోక చీలిక వరకు కనీసం 99 అంగుళాలుండాలి. మన వేటగాళ్లంతా కలిపి ఏడాదికి 250 మార్లిన్లకు మించి ఒడ్డుకు తేకూడదని దేశం మొత్తానికి పరిమితి ఉంది. అమ్మడం నేరం. అందుకే ఇక్కడి కెప్టెన్లు దాదాపు అందరూ వదిలేస్తారు. వదిలేసే చేపను నీళ్లలోంచి బయటికి తీయకూడదన్నది కూడా నిబంధనే. కాబట్టి ఒళ్లో పెట్టుకుని ఫొటో దిగాలన్న ఆశ మానుకోండి. బోటు పక్కన నీళ్లలో ఉండగా తీసిన ఫొటో ఇంకా బాగుంటుంది, ఒంటి మీది నీలిరంగు గీతలు అప్పుడే మెరుస్తాయి. రేవుకు తిరిగి వచ్చేటప్పుడు బోటు మీద మార్లిన్ జెండా తలకిందులుగా ఎగరేస్తే, పట్టి వదిలేశామని అర్థం.

డొరాడో, ట్యూనా పడితే అవి మావేనా?

బోటెక్కే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. కరీబియన్‌లో చాలా చోట్ల పాత ఆచారం ప్రకారం పట్టిన చేప బోటుది, మీకు ఒక పూటకు సరిపడా ఇస్తారు, మిగతాది కెప్టెన్ తీసుకుంటాడు. కొన్ని బోట్లలో మొత్తం మీకే. ఏ పద్ధతైనా తప్పు కాదు గానీ, రేవులో చేప తూకం చూస్తూ వాదించుకోవడం బాగోదు. బుక్ చేసేటప్పుడే మెసేజ్‌లో రాయించుకోండి.

లైసెన్సు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మార్లిన్, ట్యూనా లాంటివాటికి కావాల్సిన ఫెడరల్ పర్మిట్ బోటు పేరున ఉంటుంది, ఎక్కినవాళ్లందరికీ అదే వర్తిస్తుంది.

పులుసుకు ఏది బాగుంటుంది?

వాహూ పడితే వదలొద్దు. మన వంజరానికి అది దగ్గరి చుట్టం, రెండూ ఒకే కుటుంబం చేపలు. తెల్లటి గట్టి కండ, ముళ్లు తక్కువ. వేపుడుకు మందంగా కోయించండి. ఎక్కువసేపు పెనం మీద ఉంచితే పీచులా ఎండిపోతుంది. డొరాడో ఇంకొంచెం మెత్తన, దానికి చర్మం తీసేయించాలి. పులుసులో ముక్క చెదరదు. బ్లాక్‌ఫిన్ ట్యూనా కండ ముదురు ఎరుపు, వాసన కాస్త ఎక్కువ. దాన్ని పులుసు పెట్టేకంటే మిరియాలు, వెల్లుల్లి దట్టించి ఇగురు చేస్తే బాగుంటుంది.

వంటిల్లున్న అద్దె ఇంట్లో దిగితే దినుసుల కోసం బెంగ అక్కర్లేదు. చింతపండు ప్యూర్టో రికోలో కాస్తుంది, టమరిండో అని అడగండి. కొత్తిమీర ఉంటుంది. రెకావ్ అని పొడవాటి ఆకు ఒకటి అమ్ముతారు, కొత్తిమీర వాసనే గానీ ఘాటు ఎక్కువ, పులుసులో చివర్న వేస్తే అదిరిపోతుంది. కారం పొడి మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోండి, వాళ్ల వంటలో కారం తక్కువ.

తినకూడని చేపలు ఏమైనా ఉన్నాయా?

బారకుడా పడితే వదిలేయమనండి. పగడపు దిబ్బల మీద పెరిగే ఒక సూక్ష్మ నాచులోని విషం చిన్న చేపల నుంచి పెద్ద చేపల్లోకి చేరుతుంది. ఆ విషంతో వచ్చే జబ్బును సిగ్వటేరా అంటారు. బారకుడా, పెద్ద ఆంబర్‌జాక్, కొన్ని గ్రూపర్లలో ఇది ఎక్కువ. ఉడికించినా, ఫ్రీజ్ చేసినా, పసుపు పట్టించినా ఆ విషం పోదు, రుచిలోనూ వాసనలోనూ తెలియదు. వాంతులు, విరేచనాలతో పాటు చల్లటిది ముట్టుకుంటే వేడిగా, కాలినట్టుగా అనిపించడం దీని ప్రత్యేక లక్షణం. నడి సముద్రంలో తిరిగే డొరాడో, ట్యూనా, వాహూలతో ఈ భయం పెద్దగా లేదు.

వాటితో ఉన్న ఇబ్బంది వేరు. పట్టిన వెంటనే ఐసులో పెట్టకపోతే వాటి కండలో హిస్టమిన్ పెరుగుతుంది. తిన్న కాసేపటికి ముఖం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. ఇది కూడా వండితే పోదు. చేప డెక్ మీద ఎండలో పడి ఉంటే ఐసు పెట్టెలో వేయమని అడగడానికి మొహమాటపడొద్దు.

ఈత రాదు. పర్వాలేదా?

పర్వాలేదు, నీళ్లలో దిగే పనే లేదు. లైఫ్ జాకెట్లు అందరికీ ఉండాలి. పిల్లల సైజువి ఉన్నాయా అని ముందే అడిగి, పిల్లలకు బోటు కదిలినంతసేపూ వేసి ఉంచండి.

ఏ వయసు పిల్లలను తీసుకెళ్లొచ్చు? పెద్దవాళ్లు? గర్భిణులు?

గర్భిణులు వద్దు. బోటు అలల మీద ఎగిరి పడే దెబ్బ నడుముకు నేరుగా తగులుతుంది. ఇదే కారణంతో డిస్క్ సమస్య, మోకాళ్ల ఆపరేషన్ అయిన పెద్దవాళ్లు కూడా ఆలోచించాలి. చలికాలం ఉత్తర తీరంలో అయితే వద్దనే నా మాట. పిల్లలు ఏడెనిమిదేళ్లు దాటితే సరదాపడతారు. అంతకన్నా చిన్నవాళ్లకు గంట దాటేసరికి విసుగొస్తుంది, బోటులో విసుగొచ్చిన పిల్లలను ఎక్కడికి తీసుకెళ్తారు? వాళ్లకు కింద చెప్పిన టార్పన్ ట్రిప్ మేలు.

సముద్రం వద్దు, చేప మాత్రం కావాలి అంటే?

శాన్ హువాన్ ఊళ్లోనే దారి ఉంది. ఎయిర్‌పోర్టుకు ఆనుకుని శాన్ హోసే, టొర్రెసిల్యా అనే లగూన్లు (ఉప్పునీటి కయ్యలు) ఉన్నాయి. మడ చెట్ల మధ్య కదలని నీళ్లు, తల మీద దిగుతున్న విమానాలు. అక్కడ టార్పన్ ఏడాది పొడవునా ఉంటుంది. వెండి పొలుసులతో, మనిషంత పొడవు కూడా పెరిగే చేప. గాలి పీల్చడానికి అప్పుడప్పుడూ పైకొచ్చి నోరు తెరుస్తుంది కాబట్టి ఎక్కడుందో కనిపిస్తుంది. గాలానికి పడితే మనిషెత్తు ఎగురుతుంది. ఎగిరిన ప్రతిసారీ గాలం విదిలించుకునే అవకాశమే ఎక్కువ. ముళ్లెక్కువ, తినడానికి పనికిరాదు, పట్టి వదిలేయడమే. బోటు చిన్నది, ఇద్దరు ముగ్గురికే సరిపోతుంది, ఖర్చూ తక్కువ, కడుపులో తిప్పదు. ఇంత మంచి ట్రిప్‌ను మనవాళ్లు ఎందుకు పట్టించుకోరో నాకర్థం కాదు.

ఏం తీసుకెళ్లాలి?

టోపీ, పొడుగు చేతుల పల్చటి చొక్కా, పోలరైజ్డ్ కళ్లద్దాలు, సన్‌స్క్రీన్. నల్ల సోలు ఉన్న బూట్లు తెల్లటి డెక్ మీద మరకలు చేస్తాయి, వేసుకోవద్దు. పులిహోర, దద్దోజనం కట్టుకెళ్తే ఎవరూ కాదనరు.

అరటిపళ్లు మాత్రం వద్దు. బోటులో అరటిపండు ఉంటే చేప పడదని ఈ వేటలో పాత నమ్మకం. ఎందుకో ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. కొంతమంది కెప్టెన్లు నవ్వుతూ అన్నా, లోపల గట్టిగానే నమ్ముతారు. పిల్లల కోసం తెచ్చిన డజను అరటిపళ్లు కారులోనే వదిలేయండి. పిల్లి ఎదురొస్తే ఆగే మనం వాళ్లను ఎగతాళి చేయనక్కర్లేదు.

చేప పడకపోతే డబ్బు తిరిగిస్తారా?

ఇవ్వరు. వాతావరణం బాగోక కెప్టెనే రద్దు చేస్తే అడ్వాన్సు వాపసు రావాలి, లేదా వేరే రోజుకు మార్చాలి. మీకు భయమేసి మానుకుంటే పోయినట్టే. ఈ రెండింటి తేడా బుకింగ్‌లో రాసి ఉందో లేదో చూసుకోండి.

మంచి బోటని ఎలా తెలుసుకోవాలి?

వెబ్‌సైట్లో పెద్ద మార్లిన్ ఫొటోలు అందరికీ ఉంటాయి, వాటిని పక్కన పెట్టండి. కెప్టెన్‌కు ఫోన్ చేసి కోస్ట్ గార్డ్ లైసెన్సు ఉందా, పోయిన వారం ఏం పడ్డాయి, మేము వచ్చే వారం గాలి ఎలా ఉండబోతోంది అని అడగండి. "ఈ వారం ఏమంత బాలేదు, రెండు డొరాడోలే పడ్డాయి" అన్నవాడిని నమ్మొచ్చు. "గ్యారంటీగా మార్లిన్ పట్టిస్తా" అన్నవాడికి అడ్వాన్సు పంపొద్దు. స్పానిష్ రాకపోయినా ఫర్వాలేదు, చార్టర్ కెప్టెన్లు ఇంగ్లిష్ మాట్లాడతారు.

మిగిలిన చేపను ఫ్లైట్‌లో తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోవచ్చు. ముక్కలు వాక్యూమ్ ప్యాక్ చేయించి రెండు రాత్రులు ఫ్రీజర్‌లో గడ్డకట్టించండి. క్యాబిన్ బ్యాగులో పెడితే ఐస్ ప్యాకులు చెకింగ్ దగ్గరికి వచ్చేసరికి రాయిలా గడ్డకట్టి ఉండాలి, కాస్త కరిగి నీరైనా తీసేయమంటారు. డ్రై ఐస్ అయితే మనిషికి 2.5 కిలోల వరకే, అదీ ఎయిర్‌లైన్‌కు ముందే చెప్పి. శాన్ హువాన్ ఎయిర్‌పోర్టులో చెక్ ఇన్‌కు ముందు యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) వాళ్లు సామాను స్కాన్ చేస్తారు. వాళ్లు వెతికేది పళ్లు, మొక్కలు, మట్టి. చేప ఉందని ముందే చెప్పేస్తే పెట్టె విప్పించకుండా పని త్వరగా అవుతుంది. ఆ లైను సెలవుల్లో చాలా పొడుగ్గా ఉంటుంది, ఒక అరగంట ముందే బయల్దేరండి.